ఆటను చదువుగా ఎంచుకునే ముందు

దువ్వూరులో ఒక సాయంత్రం. అస్ర్ నమాజు ముగించుకుని బయటకు వచ్చిన మమ్మల్ని ఒక తండ్రి ఆపి సలాం చెప్పాడు. లారీ నడుపుకుని బతికే మనిషి. పక్కనే మూడో తరగతి చదివే కొడుకు నిలబడి ఉన్నాడు. కాళ్ళకు చెప్పులు లేవు, చూపు మాత్రం చురుకు. "సాబ్, మావోడు పరిగెత్తితే ఏడో తరగతి పిల్లోళ్ళు గూడా అందుకోలేరు. కడపలో ఆటల బడి ఉందంట, పంపమని బళ్ళో సారు చెప్తాండాడు. ఇంట్లో ఆడోళ్ళు ఒప్పుకోవడంలే. ఆటలు కూడు పెడతాయా అంటాది మా అమ్మ. మీరు చదువుకున్నోళ్ళు, ఏం జేయమంటారు?" అని అడిగాడు.

వెంటనే జవాబు చెప్పలేకపోయాము. చదివితే నవాబు, ఆడితే ఖరాబు అనే సామెత వింటూ పెరిగినవాళ్ళమే మేమూనూ. ఎనిమిదేళ్ళ బిడ్డ బతుకును మలుపు తిప్పే నిర్ణయానికి నిలువుకాళ్ళ మీద సలహా ఇవ్వడం తగదనిపించింది. విచారించి చెబుతామని మాట ఇచ్చి వచ్చాము. ఆ విచారణలో తెలిసిన సంగతులు ఆ తండ్రికే కాదు, ఇలాంటి ప్రశ్న ఎదురైన ప్రతి ఇంటికీ పనికివస్తాయని ఇక్కడ రాస్తున్నాము.

మన జిల్లాలోనే ఉన్న బడి

ఆటనే ప్రధానంగా నేర్పుతూ, దానితోపాటు మామూలు పాఠాలు కూడా చెప్పే ప్రభుత్వ పాఠశాలలను క్రీడా పాఠశాలలంటారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇటువంటి బడి హైదరాబాద్ దగ్గర హకీంపేటలో 1993లో మొదలయింది. కడప శివారు పుట్లంపల్లిలో డాక్టర్ వైఎస్ఆర్ క్రీడా పాఠశాల 2006లో వచ్చింది. 2014లో రాష్ట్రం రెండయ్యాక హకీంపేట బడి తెలంగాణకు వెళ్ళింది. కడప బడి మనకు మిగిలింది. దువ్వూరు నుంచి మైదుకూరు మీదుగా బస్సెక్కితే మధ్యాహ్నం లోపే వెళ్ళి చూసి రాగల దూరంలో ఉంది.

ఇందులో చేర్చుకునేది పెద్ద పిల్లలను కాదు. నాలుగో తరగతి వయసులోనే ఎంపిక మొదలవుతుంది. మండల, జిల్లా స్థాయిలు దాటి రాష్ట్రస్థాయి ఎంపికకు వెళ్ళాలి. ఇక్కడ ఫలానా ఆట బాగా ఆడతాడా అని చూడరు. ఎత్తు, బరువు కొలుస్తారు. ముప్ఫై మీటర్ల పరుగు, ఎనిమిది వందల మీటర్ల పరుగు, పది మీటర్ల దూరాన్ని ఆరుసార్లు అటూ ఇటూ పరిగెత్తే షటిల్ రన్ ఉంటాయి. నిలబడినచోటి నుంచే ముందుకు దూకడం, పైకి ఎగరడం, బరువైన మెడిసిన్ బాల్ విసరడం, నడుము వంచి శరీరం ఎంత సాగుతుందో చూడడం మిగతా పరీక్షలు. మట్టి మంచిదా కాదా అని చూస్తారన్నమాట. ఏ కుండ చేయాలో తరువాత నిర్ణయిస్తారు.

ఎంపికైతే బస, భోజనం, చదువు, శిక్షణ ప్రభుత్వానివే. తెల్లవారకముందే మైదానం, పగలు తరగతులు, సాయంత్రం మళ్ళీ మైదానం. పదో తరగతి పరీక్ష అందరు పిల్లల్లాగే రాయాలి. కనుక "చదువు మానిపించి ఆటకు పంపడం" అనే మాట సరికాదు. అయితే రోజుకు రెండుపూటలా ఒళ్ళు అలిసిన పిల్లవాడు రాత్రి పుస్తకం ముందు ఎంతసేపు మెలకువగా ఉంటాడన్న అనుమానం న్యాయమైనదే. పేరు రాయించే ముందు తల్లిదండ్రులు ఒక్కసారి బడికి వెళ్ళి, పదో తరగతిలో ఎందరు పాసవుతున్నారో, అక్కడ చదివి వెళ్ళినవాళ్ళు ఇప్పుడేం చేస్తున్నారో అడగాలి. ఏ తరగతిలో ఖాళీలున్నాయో, వయసు నిబంధన ఏమిటో ఆ ఏటి ప్రకటనలోనే చూసుకోవాలి.

మాస్టారు రహీం సాహెబ్

ఆటను చదువుగా చూడడం మనకు కొత్త అనుకుంటే పొరపాటు. భారత ఫుట్‌బాల్ చరిత్రలో అందరికంటే గొప్ప శిక్షకుడిగా పేరుపొందిన సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాదువాడు. 1909లో పుట్టారు. వృత్తిరీత్యా బడిపంతులు. కాచిగూడ మిడిల్ స్కూలు, దారుల్ ఉలూం హైస్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూలు వంటి చోట్ల పాఠాలు చెప్పారు. డిగ్రీ ఉన్న ఆ మాస్టారు తరువాత వ్యాయామ విద్యలో డిప్లమా చేసి, బడి పిల్లల ఆటల బాధ్యత తీసుకున్నారు.

మైదానంలోనూ ఆయన పంతులే. బంతిని తనదగ్గరే అట్టిపెట్టుకుని గిరగిర తిప్పే అలవాటు పోవడానికి, డ్రిబ్లింగ్ చేయరాదన్న షరతుతో పోటీలు పెట్టించారు. బలహీనమైన కాలితోనే ఆడాలన్న పోటీలూ పెట్టించారు. ఏది రాదో కనిపెట్టి దానినే సాధన చేయించడం మంచి పంతులు లక్షణం కదా! ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్ళు రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన శిక్షణలో భారత జట్టు 1951 ఢిల్లీ, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకాలు తెచ్చింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. జకార్తాకు వెళ్ళేనాటికే క్యాన్సర్ ఆయన ఒంట్లో ఉంది. మరుసటి ఏడాదే, 1963 జూన్‌లో కన్నుమూశారు. ఆయన జీవితంపై 2024లో 'మైదాన్' అనే హిందీ సినిమా వచ్చింది.

ఆయన కొడుకు ఎస్.ఎస్. హకీం 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టులో సభ్యుడు. వైమానిక దళంలో స్క్వాడ్రన్ లీడరుగా ఉద్యోగం చేశారు, అంతర్జాతీయ రిఫరీ అయ్యారు, శిక్షకుడయ్యారు. తండ్రి పంతులు, కొడుకు అధికారి. ఇద్దరికీ కూడు పెట్టింది చదువా, ఆటా అంటే విడదీసి చెప్పగలమా? బ్యాడ్మింటన్‌లో పుల్లెల గోపీచంద్‌తో సహా ఎందరినో తయారుచేసిన ఎస్.ఎం. ఆరిఫ్ సాహెబ్ కూడా పాటియాలాలో శిక్షకుడి చదువు చదివివచ్చినవారే. ఆయనకు ద్రోణాచార్య అవార్డు, 2012లో పద్మశ్రీ లభించాయి.

పాటియాలా అంటే అక్కడి నేతాజీ సుభాష్ జాతీయ క్రీడా సంస్థ. 1961లో మొదలయింది. గ్వాలియర్‌లోని లక్ష్మీబాయి వ్యాయామ విద్యా సంస్థ 1957 నాటిది. మద్రాసులో వైఎంసిఎ వ్యాయామ విద్యా కళాశాల 1920లోనే వెలిసింది. అంటే ఆటకు కళాశాల పెట్టి వందేళ్ళు దాటింది. మణిపూర్‌లో జాతీయ క్రీడా విశ్వవిద్యాలయం 2018లో ఏర్పడింది.

గెలిచినవాళ్ళ వెనుక ఏముంది?

మన జిల్లా పేరు 2025 నవంబరు 2న దేశమంతా వినిపించింది. ఆరోజు నవీ ముంబయిలో దక్షిణాఫ్రికాను ఓడించి ప్రపంచ కప్పు అందుకున్న మహిళల క్రికెట్ జట్టులో మన శ్రీచరణి ఉంది. వీరపునాయునిపల్లె మండలం ఎర్రమల్లె ఆమె ఊరు. తండ్రి ఆర్టీపీపీ థర్మల్ కేంద్రంలో ఉద్యోగి. ఆ పోటీలో చరణి తీసిన వికెట్లు 14. మనం గమనించవలసింది మరొకటుంది. ఆమె చిన్ననాడే క్రికెట్‌కు అంకితమైపోలేదు. పరుగు పందేలు, ఇతర ఆటలు ఆడి, పదహారేళ్ళ ప్రాయంలో గాని క్రికెట్‌ను గట్టిగా పట్టుకోలేదు.

నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్ కూడా మొదట పరుగు పందేల్లో ఉండి తరువాత బాక్సింగ్‌కు మారింది. తండ్రి జమీల్ అహ్మద్ సౌదీలో ఏళ్ళతరబడి పనిచేసి, కూతుళ్ళ చదువుకూ ఆటకూ అండగా ఉండాలని తిరిగి వచ్చేశారు. గల్ఫ్‌లో మనవాళ్ళున్న కడప జిల్లా ఇళ్ళలో ఈ మాట విలువ ఎంతో చెప్పనక్కరలేదు. విశాఖలోని సాయ్ కేంద్రంలో నిఖత్ శిక్షణ పొందింది. 2011లో జూనియర్ ప్రపంచ విజేత అయింది. 2017లో భుజం దెబ్బతిని ఏడాదిపాటు ఆటకు దూరమయింది. 2022 ఇస్తాంబుల్‌లో, 2023 ఢిల్లీలో ప్రపంచ విజేతగా నిలిచింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మాత్రం పతకం రాకుండానే వెనుదిరిగింది. అదే ఏడాది తెలంగాణ ప్రభుత్వం ఆమెకు డిఎస్పీ ఉద్యోగం ఇచ్చింది.

విశాఖకే చెందిన జ్యోతి యర్రాజీ కాపలాదారు కూతురు. హైదరాబాద్‌లో క్రీడా హాస్టల్, తరువాత గుంటూరు, ఆపైన భువనేశ్వర్ కేంద్రాల మెట్లెక్కి, 2023లో బ్యాంకాక్‌లో, 2025లో దక్షిణ కొరియాలోని గుమిలో వంద మీటర్ల హర్డిల్స్‌లో ఆసియా విజేత అయింది. ఆటోడ్రైవర్ బిడ్డ మహమ్మద్ సిరాజ్‌ది వేరే దారి. శిక్షణ సంస్థల గడప తొక్కకుండా టెన్నిస్ బంతితో గల్లీలో ఆడి పైకొచ్చాడు. సిరాజ్‌ను చూపి "బడి ఎందుకు?" అనేవాళ్ళు ఉంటారు. అలాంటి వాడు కోటికొక్కడు. కోటికొక్కడి దారిని మన పిల్లవాడికి పాఠంగా చెప్పలేము.

అందరూ విజేతలు కారు

ఇక్కడ మేము ఒక చేదు నిజం దాచకుండా చెప్పాలి. క్రీడా పాఠశాలలో చేరిన పిల్లల్లో అంతర్జాతీయ స్థాయికి వెళ్ళేవారు బహుకొద్దిమంది. ఒక మోకాలి గాయం, పెరగవలసినంత పెరగని ఎత్తు, పద్దెనిమిదేళ్ళకు విసుగు పుట్టిన మనసు - వీటిలో ఏ ఒక్కటైనా దారి మళ్ళించగలదు. కాబట్టి "మావాడు ఛాంపియన్ అవుతాడా?" అన్నది సరైన ప్రశ్న కాదు. "ఛాంపియన్ కాకపోయినా మావాడు బతకగలడా?" అని అడగాలి. దానికి జవాబు, చదువు వదలకుంటే తప్పకుండా బతకగలడు.

ఇంటర్ పాసైనవారికి రెండేళ్ళ యు.జి.డి.పి.ఇడి., డిగ్రీ అయినవారికి రెండేళ్ళ బి.పి.ఇడి. ఉన్నాయి. పీఈసెట్ ద్వారా ప్రవేశం. ఇందులో రాత పరీక్ష కాదు, పరుగు, దూకడం, గుండు విసరడం వంటి దేహ పరీక్షలూ, వచ్చిన ఆటలో నైపుణ్య పరీక్షా ఉంటాయి. చిన్ననాటి నుంచి మైదానంలో పెరిగిన పిల్లవాడికి ఇది సొంత ఇల్లు లాంటిది. ఈ చదువుతో బడుల్లో వ్యాయామ ఉపాధ్యాయుడు కావచ్చు. పైచదువుతో కళాశాలలో ఫిజికల్ డైరెక్టర్ కావచ్చు. పాటియాలా డిప్లమాతో కోచ్ కావచ్చు. రిఫరీ, అంపైరు పనులున్నాయి. ఇంటర్లో సైన్సు చదివినవారికి ఫిజియోథెరపీ ఉంది. పోలీసు, సైన్యం ఉద్యోగాల్లో దేహ పరీక్ష దగ్గరే అభ్యర్థులు రాలిపోతుంటారు. మైదానంలో పెరిగినవాడికి ఆ భయం ఉండదు. రైల్వేలు క్రీడాకారులను ప్రత్యేకంగా తీసుకుంటాయి.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉద్యోగాల్లో 2 శాతంగా ఉన్న క్రీడా కోటాను కొత్త క్రీడా విధానంలో 3 శాతానికి పెంచింది. 2025లో 16,347 ఉపాధ్యాయ పోస్టులతో వచ్చిన మెగా డిఎస్సీలో ఈ కోటా అమలయింది. కాని సర్టిఫికెట్ చూపిన ప్రతివారికీ కోటా దక్కదు. గుర్తింపున్న సమాఖ్య నడిపిన పోటీ అయి ఉండాలి, గుర్తించిన ఆటల జాబితాలో ఆ ఆట ఉండాలి. వేలకు వేలు రుసుము కట్టించుకుని, దూరపు ఊళ్ళకు తీసుకుపోయి, "జాతీయ పోటీ" అని రంగుల కాగితం చేతిలో పెట్టే సంఘాలు పుట్టుకొస్తున్నాయి. ఆ కాగితం గోడకు తగిలించుకోవడానికి తప్ప ఎందుకూ కొరగాదు. డబ్బు కట్టే ముందే గుర్తింపు ఉందా అని జిల్లా క్రీడాభివృద్ధి అధికారి కార్యాలయంలో అడగండి.

తల్లుల సందేహాలు

దువ్వూరులో ఆ తండ్రి ఇంటికి వెళ్ళినప్పుడు పిల్లవాడి తల్లి తలుపు చాటు నుంచే మాట్లాడింది. "ఎనిమిదేండ్ల బిడ్డను యాడనో ఇడిసిపెట్టి నాకు నిద్ర పడతాదా? వాడి నమాజు, వాడి తిండి ఎవరు చూస్తారు?" అన్నది. ఈ మాటలను తేలికగా తీసేయలేము. ఇవి బడిని ముఖాముఖి అడగవలసిన ప్రశ్నలు. వార్డెన్ ఎవరు? మాంసం ఎక్కడి నుంచి తెస్తారు, ఇష్టం లేని బిడ్డకు బదులుగా ఏం పెడతారు? తల్లిదండ్రులు ఎన్నాళ్ళకొకసారి చూడవచ్చు? జుమాకు వెళ్ళనిస్తారా? ఉపవాసాల సంగతికి వస్తే, యుక్తవయసు రాని పిల్లలకు రోజా విధి కాదు. ఎదిగిన పిల్లలు ఉంటామంటే శిక్షణ వేళలు మార్చడానికి వీలవుతుందేమో కోచ్‌తో ముందే మాట్లాడుకోవాలి.

ఆడపిల్లల విషయంలో సందేహాలు ఇంకా ఎక్కువ. దుస్తుల మాట ముందు వస్తుంది. నిఖత్ ఇంటివారికీ ఆ మాటలు తప్పలేదు. పొట్టి దుస్తుల ఆట ఆడపిల్లకెందుకని బంధువులే అన్నారు. అయితే లోకం కూడా కొంత కదిలింది. తలకు వస్త్రం కట్టుకుని ఆడడానికి ఫుట్‌బాల్ ప్రపంచ సమాఖ్య 2014లో, బాస్కెట్‌బాల్ సమాఖ్య 2017లో అనుమతించాయి. అమెరికాకు చెందిన ఇబ్తిహాజ్ మహమ్మద్ హిజాబ్‌తోనే కత్తిసాములో 2016 రియో ఒలింపిక్స్ జట్టు కాంస్యం గెలిచింది. ఆమె డ్యూక్ విశ్వవిద్యాలయం పట్టభద్రురాలు కూడా.

దుస్తులకన్నా ముఖ్యమైనది రక్షణ. మహిళా కోచ్, మహిళా వార్డెన్ ఉన్నారా, ఫిర్యాదు ఎవరికి చెప్పుకోవాలి అని అడగడానికి మొహమాటపడవద్దు. "ఎవరైనా ఇబ్బంది పెడితే నాకు చెప్పు, నిన్ను తిట్టను" అని ఆడపిల్లకైనా మగపిల్లవాడికైనా ముందే చెప్పి పంపాలి.

చేయకూడని పనులు రెండు

మొదటిది వయసు దొంగతనం. పిల్లవాడు చిన్నవాళ్ళతో పోటీపడితే సులువుగా గెలుస్తాడని పుట్టిన తేదీ మార్పించే పెద్దలున్నారు. మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముకల వయసు కట్టే పరీక్ష ఇప్పుడుంది. భారత క్రికెట్ బోర్డు చిన్న వయసు జట్లకు దీనిని వాడుతోంది. పట్టుబడితే నిషేధం పడేది పిల్లవాడి మీద. పట్టుబడకపోయినా, గెలవాలంటే అబద్ధం ఆడాలని నేర్పినవారమవుతాము. అమానత్‌గా మన చేతికిచ్చిన బిడ్డకు నేర్పవలసింది అదేనా?

రెండోది తొందర. ఎనిమిదేళ్ళకే ఒక్క ఆటకు కట్టేసి, ఏడాది పొడవునా అదే చేయించడం మంచిది కాదని అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ నిపుణులు 2015లో హెచ్చరించారు. ఒకే కీలు, ఒకే కండరం మీద భారం పడి ఎదిగే ఎముకలు దెబ్బతింటాయి, మనసు విరిగిపోతుంది. ప్రపంచస్థాయి విజేతల్లో చాలామంది చిన్నప్పుడు రెండు మూడు ఆటలు ఆడి, ఆలస్యంగా ఒకటి ఎంచుకున్నవారేనని 2021లో వెలువడిన ఒక పెద్ద పరిశోధన తేల్చింది. మన శ్రీచరణి, నిఖత్ ఇద్దరూ దీనికి సాక్ష్యం. త్వరగా కండలు రావాలని ఎవరో ఇచ్చిన పొడులు, మాత్రలు మింగించడం కూడా తొందర కిందికే వస్తుంది. గుడ్డు, పప్పు, పాలు, కంటినిండా నిద్ర - ఎదిగే బిడ్డకు కావలసిన మందులు ఇవే.

మేము చెప్పిన జవాబు

వారం తరువాత మళ్ళీ దువ్వూరు వెళ్ళాము. కె.సి. కాలువ గట్టున ఆ తండ్రీకొడుకులతో కూర్చుని తెలిసినదంతా చెప్పాము. "ఎంపికకు తీసుకుపో. దానికి ఖర్చు బస్సు చార్జీలే. ఎంపిక కాకపోతే బిడ్డను చిన్నబుచ్చకు. వాడికి ఊళ్ళో బడి ఉంది, గ్రౌండు ఉంది. ఎంపికైతే మాత్రం చేర్చే ముందు భార్యాభర్తలిద్దరూ బడికి వెళ్ళి కళ్ళారా చూడండి. ఒక ఏడాది గడిచాక వాడినే అడుగు, ఉంటావా, వచ్చేస్తావా అని. వచ్చేస్తానంటే తీసుకురావడం ఓటమి కాదు. పదో తరగతి మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ తప్పనీయకు" అన్నాము.

తండ్రి తల ఊపాడు. అంతవరకూ ఊరకున్న పిల్లవాడు అప్పుడు నోరు విప్పాడు. "ఆడ బూట్లు ఇస్తారా?" అని అడిగాడు. ఇస్తారని చెప్పాము. వాడు ఇంకేమీ అడగలేదు. గట్టు మీద నుంచి రోడ్డుదాకా ఒక్క ఉదుటున పరిగెత్తిపోయాడు. వాడి వెనుక లేచిన దుమ్ము చూస్తూ, ఇన్నాళ్ళూ ఇలాంటి కాళ్ళు ఎన్ని మన ఊళ్ళలో ఎవరూ చూడకుండానే పెద్దవైపోయాయో అనుకున్నాము.

పాఠక మిత్రులారా! మీ వీధిలోనూ అలాంటి బిడ్డ ఒకరుండవచ్చు. ఆటలు కూడు పెడతాయా అని అడగడం తప్పు కాదు. అడిగి ఊరుకోకుండా, జవాబు కనుక్కోవడానికి ఒకసారి కడప బస్సెక్కండి.